పాత జీపా, జిప్సీయా? కొనేముందు తాళం తిప్పే రోజులు లెక్కేసుకోండి

పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) కొందామనుకుంటున్నాం, ఏది మంచిదని ఎవరు అడిగినా నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను. నెలలో ఎన్నిసార్లు తాళం తిప్పుతారు? ఆదివారం ఒక్కపూట బయటికి తీసి, తుడిచి, మళ్లీ షెడ్డులో పెట్టేవాళ్లకు పనికొచ్చే బండి వేరు. తోటకూ పొలానికీ రోజూ తిరగాల్సినవాళ్ల బండి వేరు. వానలు వెలిశాక పాడేరు వైపో నల్లమల వైపో వెళ్లి రావాలనుకునేవాళ్లది ఇంకోటి. బొమ్మలో చూసి ముచ్చటపడి కొని, ఆరు నెలలకే అమ్మకానికి పెట్టిన బళ్లు నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం బండి చెడ్డదై కాదు, ఆ మనిషి వాడకానికి సరిపడక అమ్ముడుపోయినవే.

నా దగ్గర పన్నెండేళ్లుగా ఒక మహీంద్రా సీజే3బీ జీపు ఉంది. అంతకుముందు నాలుగేళ్లు మహీంద్రావాళ్లదే డీజిల్ జీపు ఎంఎం540 నడిపాను. మా తమ్ముడి జిప్సీకి ఫ్లోరు దగ్గర్నుంచి ముందు చక్రాల నకిల్ సీళ్ల దాకా చేయించిన పనంతా నా చేతుల మీదుగానే జరిగింది. ఈ మూడింటి గురించి నేను చెప్పేది స్వయంగా నడిపి, విప్పి తెలుసుకున్నది. యుద్ధం నాటి విల్లీస్, మన సైన్యం బండి జోంగా మాత్రం స్నేహితుల షెడ్లలో దగ్గరగా చూసినవి.

విల్లీస్ పేరు, అసలు విల్లీస్

మన దగ్గర పొట్టి జీపు కనబడితే చాలు, "విల్లీస్ అండీ, యుద్ధం నాటిది" అంటారు. యుద్ధం నాటివి విల్లీస్ ఎంబీ, అదే నమూనా మీద ఫోర్డ్ చేసిన జీపీడబ్ల్యూ. 1941 నుంచి 1945 దాకా రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న బళ్లు మన దేశంలోనూ జనం చేతికొచ్చాయి. అలా వచ్చినవాటిలో పూర్తి రూపంతో మిగిలినవి చాలా తక్కువ. ఛాసిస్ ఒకదానిది, బాడీ ఇంకోదానిది, ఇంజిన్ మరోదానిది కలిపిన బళ్లే ఎక్కువ.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముందు గ్రిల్‌లో నిలువు చీలికలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది, ఆ తర్వాత వచ్చిన పౌర జీపుకు ఏడు. వెనక తెరుచుకునే తలుపు ఉందంటే ఆ బాడీ ఎంబీది కాదు. రేడియేటర్ కింద, ఛాసిస్ రెండు కమ్మీలనూ కలిపే ముందరి అడ్డం గుండ్రటి గొట్టమైతే విల్లీస్, పలకగా మడిచిన ఇనుమైతే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా తమ 'ఎఫ్' అక్షరం ముద్రించారు. అన్నిటికన్నా నాకిష్టమైంది హెడ్‌లైటు. రెక్క నట్టు వదులు చేసి దీపాన్ని వెనక్కి తిప్పితే వెలుగు నేరుగా ఇంజిన్ మీద పడుతుంది. చీకట్లో రిపేరు చేసుకునే సైనికుడి కోసం ఆలోచించి పెట్టిన ఏర్పాటది. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు ఆ కీలు దగ్గరే నిలబడిపోయాను.

ఇంజిన్ 2.2 లీటర్ల సైడ్ వాల్వ్ (వాల్వులన్నీ బ్లాకులోనే పక్కన ఉండే) పెట్రోలు, 60 హార్స్‌పవర్. కరెంటు 6 వోల్టులది. బల్బు దగ్గర్నుంచి సెల్ఫ్ మోటార్ దాకా ప్రతిదీ వెతుక్కోవాలి, లేదా 12 వోల్టులకు మార్చుకోవాలి. ఫ్లోరు కింద బలం కోసం పెట్టిన రేకు దోనెల్లో చెక్క ఉంటుంది. ఆ చెక్క నీళ్లు పీల్చుకుని ఏళ్ల తరబడి రేకును లోపల్నుంచి తినేస్తుంది. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది, కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతుంది.

చరిత్ర మీద ప్రేమ, డబ్బు, అంతకుమించి ఓపిక ఉన్నవాళ్లకే ఇది. మొదటి పాత బండిగా మాత్రం వద్దనే చెబుతాను.

సీజే3బీ: ఎత్తు బోనెట్ జీపు

మన జీపు అంటే నా మటుకు ఇదే. 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్‌గా మొదలైన కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విడిభాగాలు తెప్పించుకుని బొంబాయిలో జీపులు బిగించడం 1947లోనే మొదలైంది. సీజే3బీ ఆ తర్వాతిది, దశాబ్దాల పాటు తయారైంది. దూరం నుంచే తెలిసిపోతుంది, ఎందుకంటే బోనెట్ ఎత్తుగా ఉంటుంది. అది అందం కోసం చేసింది కాదు. 2.2 లీటర్ల ఇంజిన్‌లో లోపలికి గాలి తీసుకునే వాల్వులను హెడ్‌లోకి ఎక్కించారు, పొగ వదిలే వాల్వులు మాత్రం బ్లాకులోనే ఉన్నాయి. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది, బోనెట్ లేపక తప్పలేదు.

నడపడం నేర్చుకోవాల్సిన బండి ఇది. గేర్లు మూడు. మొదటి గేరుకు సింక్రో (గేరు పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు, కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, లేదంటే క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు మార్చే డబుల్ క్లచ్ కొట్టాలి. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, సర్దుబాటు సరిగా లేకపోతే బండిని పక్కకు లాగేస్తాయి. గంటకు 60 దాటితే నాకూ సుఖం లేదు, బండికీ లేదు. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే నాకు సంతోషమే. అయినా తెల్లవారుజామున పొలం గట్ల మీద రెండో గేరులో ఆ ఇంజిన్ మెల్లగా కొట్టుకునే చప్పుడు వింటూ వెళ్లడం వేరే ఏ బండిలోనూ నాకు దొరకలేదు.

కొనేటప్పుడు చూడాల్సిన పెద్ద విషయం ఇంజిన్. పెట్రోలు ధర పెరిగాక ఊళ్లలో చాలామంది వీటిలో డీజిల్ ఇంజిన్లు ఎక్కించుకున్నారు. వాడకానికి అది తప్పని నేననను. కానీ ఆర్‌సీలో పెట్రోలు, బోనెట్ కింద డీజిల్ ఉంటే ఆ బండి రేపు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు మిమ్మల్ని ఇరికిస్తుంది. పాత రూపంలోకి తేవాలన్నది మీ ఉద్దేశమైతే అసలు ఇంజిన్ బ్లాకు ఉన్న బండినే వెతకండి. ఆడకపోయినా పర్వాలేదు. బోరు చేయించొచ్చు, పిస్టన్లూ రింగులూ దొరుకుతాయి. బ్లాకే లేకపోతే తర్వాత వెతకడం నెలల పని.

ఇప్పుడు నా దగ్గరున్నది రెండోసారి వెతికితే దొరికిన బండి. మొదట వేరే ఊళ్లో ఒక బ్రోకర్ చూపించిన సీజే3బీకి అడ్వాన్స్ ఇచ్చేశాను. కొత్త పెయింటు, కొత్త టాపు, కొత్త టైర్లు. బండిని చూపిద్దామని విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మేస్త్రిని వెంట తీసుకెళ్లాను. ఆయన పెయింటు వైపు చూడనే లేదు. కిందికి దూరి, ఛాసిస్ నంబరు దగ్గర కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి నన్ను పిలిచారు.

"బాబూ, ఇటు రా. ఈ 'మూడు' అంకె చూడు, మిగతావాటికంటే లోతుగా దిగింది. వరుస కూడా వంకర. చుట్టుపక్కలంతా గరుగ్గా ఉండి ఈ జానెడు మేర ఒక్కటే నున్నగా ఎందుకుందంటావ్?"

గ్రైండర్‌తో పాత నంబరు చెరిపేసి కొత్తది కొట్టారన్నమాట. అడ్వాన్స్ తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి నేను బాడీ కంటే ముందు నంబరు చూస్తాను. తుప్పు పట్టిన రేకు మారుస్తాం, ఇంజిన్ కట్టిస్తాం, కమాను కట్టలు కొత్తవి వేయిస్తాం. ఛాసిస్ నంబరుకూ ఆర్‌సీకీ పొంతన లేకపోతే చేయగలిగింది ఏమీ లేదు.

ఎంఎం540: పనిమంతురాలు

1980ల్లో వచ్చిన ఎంఎం540 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 91 అంగుళాలు. సీజే3బీది 80. ఆ పదకొండు అంగుళాల తేడా గతుకుల రోడ్డు మీద నడుముకు తెలుస్తుంది. ఇంజిన్ ప్యూజో డిజైన్ డీజిల్, 2112 సీసీ. నాలుగు గేర్లు. ఉదయం హీటర్ ప్లగ్గులు కాసేపు వేడెక్కనిచ్చి సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది. నా బండి లీటరుకు పది, పదకొండు ఇచ్చేది. ఎక్కడ ఆగిపోయినా చుట్టుపక్కల పది కిలోమీటర్లలో దీన్ని విప్పగలిగిన మెకానిక్ దొరికేవాడు, ఎందుకంటే మన ఊళ్లలో ఒకప్పుడు జనాన్ని మోసిన కమాండర్ జీపులకూ దీనికీ చాలా సామాను ఒకటే. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో చీటీ రాసిస్తే సాయంత్రానికి చాలా వరకు చేతికొస్తుంది.

అయితే ఇక్కడే పెద్ద మోసం ఉంది. మహీంద్రా జీపుల్లో టూ వీల్ డ్రైవ్‌వి లెక్కలేనన్ని. పొట్టి జీపు, పెద్ద టైర్లు, ముందు విన్చ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) పెట్టి "ఆల్ వీల్ అండీ" అని అమ్ముతారు. మాట నమ్మకండి. ముందు చక్రాల మధ్య గుండ్రటి హౌసింగ్ (ఇరుసు గేర్లుండే డబ్బా) ఉందా, గేరు రాడ్డు పక్కన ఫోర్ వీల్ లివర్ ఉందా చూడండి. అవి ఉన్నా లోపల పళ్లు అరిగిపోయి ఉండొచ్చు. నేను చేసే పరీక్ష ఇది. మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపండి. హబ్ లాకులు (చక్రాన్ని ఇరుసుతో కలిపే తాళాలు) ఉంటే లాక్ చేయండి. టూ వీల్‌లో ఉన్నప్పుడు ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగాలి, దాంతోపాటు ముందు ఇరుసుకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా తిరగాలి. ఇప్పుడు ఫోర్ వీల్ లివర్ వేసి మళ్లీ తిప్పండి. బిగుసుకుపోవాలి. అప్పుడు కూడా హాయిగా తిరిగితే ముందువైపు పని జరగడం లేదన్నట్టే.

ఇంకో మాట. ఈ బళ్లేవీ తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపేవి కావు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ వీటిలో లేదు. మట్టిలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ అవకాశం లేక బలమంతా షాఫ్ట్ కీళ్ల మీద పడుతుంది, వాటిలోని క్రాసులు తెగుతాయి. అమ్మేవాడు తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి చూపించబోతే దండం పెట్టి, మట్టిబాటకు తీసుకెళ్లమనండి.

దీని బలహీనతలు డీజిల్ బండికి ఉండేవే: చప్పుడు, అదురు, డీజిల్ పంపు పని ఖర్చు. స్టీరింగ్ బరువు. కానీ వారానికి నాలుగు రోజులు వాడే రైతుకూ, తోట ఉన్నవాళ్లకూ ఇంతకుమించిన పాత బండి నాకు తెలియదు.

జిప్సీ: తేలికైన కాళ్లు

మారుతి జిప్సీ 1985 చివర్లో వచ్చింది. మొదటిది ఎంజీ410, 970 సీసీ పెట్రోలు, 45 హార్స్‌పవర్. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో, అయిదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. ఆ తర్వాత కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కూ లెక్కగా పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చాక 80 హార్స్‌పవర్ అయింది. కొనేవాళ్లకు నా సలహా: అందం కావాలంటే మొదటి సన్న జిప్సీ, తిరగడానికైతే కింగ్ ఎంపీఎఫ్ఐ. మధ్యలోవాటి జోలికి వెళ్లకండి, బండి ఎంతో బాగుంటే తప్ప.

టన్నుకు అటూ ఇటుగా ఉండే బరువే దీని గొప్ప. జీపు దిగబడిన బురదలో జిప్సీ పైపైనే దాటిపోతుంది. దిగబడినా నలుగురు కలిసి నెట్టొచ్చు. ఒక వర్షాకాలం అరకు దాటాక ఎర్రమట్టి ఎత్తులో నా ఎంఎం540 వెనక్కి జారుతుంటే తమ్ముడు జిప్సీతో పైకెక్కి, తాడు వేసి లాగాడు. ఆ సాయంత్రం వాడి బండి మీద నాకున్న అభిప్రాయం మారింది.

లోపాలు కూడా చెప్పాలి. రేకు పల్చన, ఫ్లోరు మూలల్లో, వెనక చక్రాల పైభాగంలో తుప్పు తప్పదు. ముందు చక్రాల దగ్గరి నకిల్ సీళ్లు పోయి గ్రీజు, ఆయిల్ కలిసి నల్లగా కారుతుంటే చక్రం పక్కలకు మళ్లే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు కూడా చూడాలి. అవి వదులైతే ఏదో ఒక వేగం దగ్గర స్టీరింగ్ విపరీతంగా కొట్టుకుంటుంది. కమాను కట్టల మీద వెనక సీటు ప్రయాణం పెద్దవాళ్లకు నరకమే. మా అమ్మ ఒక్కసారి ఎక్కి, "ఇందులో ఇంకెప్పుడూ రానురా" అంది, మళ్లీ ఎక్కలేదు.

జోంగా

జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1969 నుంచి సైన్యం కోసం తయారైంది. నిస్సాన్ పెట్రోల్ నమూనా, ఆరు సిలిండర్ల 3956 సీసీ పెట్రోలు ఇంజిన్. పేరు కూడా జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ పదాల పొడి అక్షరాలే. ధోనీ ఒకటి కొన్నాక దీనికి గిరాకీ పెరిగింది. చూస్తే గుండె ఆగే బండి. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు, మన వైపు సామాను దొరకదు, చేసే మేస్త్రీ దొరకడు. సొంత షెడ్డు, రెండో బండి ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు.

కాగితాల మాట

ఇది అందరూ చివర్లో చూస్తారు. మొదట చూడాల్సింది ఇదే.

యాభై ఏళ్లు నిండిన బండికి 2021 జులై నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవడానికి 5,000. అయితే బండి అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు కుదరవు. ప్రదర్శనలకూ, వింటేజ్ ర్యాలీలకూ, పెట్రోలుకూ రిపేరుకూ తప్ప రోజువారీ వాడకానికి రోడ్డెక్కకూడదు. కాబట్టి ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే తీసే సీజే3బీకి అది బాగుంటుందేమో ఆలోచించుకోండి, పొలానికి వాడేవాళ్లు మాత్రం మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోవాలి. పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి ఆ పని తప్పదు. రుసుములు ఈ మధ్య బాగా పెరిగాయి, గ్రీన్ ట్యాక్స్ అదనం. బేరం ఆడేటప్పుడే ఇవన్నీ కలుపుకోండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధమైన మార్పులు కుదరవంది. హర్యానాలోని మండీ డబ్వాలీ నుంచి తళతళలాడే కొత్త జీపులు లారీల మీద వస్తుంటాయి. చేతిపని చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం, కానీ కాగితాలు ఏ బండివో, చేతికొచ్చిన బండి ఏదో తేల్చుకోకుండా డబ్బు కట్టకండి. పక్క రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌వోసీ, బదిలీకి 29, 30 ఫారాలు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. 2014కు ముందు ఏపీ నంబరు బండైతే దాని ఫైలు ఏ రాష్ట్రంలో ఉందో రవాణా ఆఫీసులో అడగండి. బాగా పాత సిరీస్ బళ్లు కొన్ని ఆన్‌లైన్ రికార్డులోకే ఎక్కలేదు. అది ఎక్కించే బాధ్యత అమ్మేవాళ్లదేనని అగ్రిమెంటులో రాయించుకోండి.

రంగు సంగతి చాలామందికి తెలియదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది రక్షణ శాఖ బళ్లకు తప్ప వేరేవాటికి ఆలివ్ గ్రీన్ వేయకూడదంటుంది. విల్లీస్‌కు దాని పుట్టు రంగే వేయాలని ఎంత ఉన్నా ముందు ఈ నిబంధన చదవండి. నేను నా సీజే3బీకి పాత ఫొటోలు చూసి బూడిద రంగు వేయించాను, అదే దానికి అందం వచ్చింది.

పని చేయించేటప్పుడు

షెడ్డుల్లో ముందు టింకరింగ్, పెయింటింగ్ మొదలుపెడతారు, ఎందుకంటే పెయింటు చూస్తే ఓనరు డబ్బిస్తాడు. ఒప్పుకోకండి. ముందు ఛాసిస్ పగుళ్లు, తర్వాత బ్రేకులు, స్టీరింగ్, ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్, హౌసింగులు. బండి అయిదు వందల కిలోమీటర్లు నడిచాక, కారేవన్నీ ఆగాక, చివర్న రంగు. నా సీజే3బీ విషయంలో ఈ వరుస తప్పి, కొత్త రంగు మీదే మళ్లీ వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. మొత్తం పనికి కొన్న ధరకు రెట్టింపు అయింది, ఏడాదిన్నర పట్టింది. ఎవరైనా మూడు నెలల్లో అయిపోతుందంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

తుది నిర్ణయం అడిగితే నా మాట ఇది. మొదటి పాత బండి, రోజూ వాడకం, చుట్టూ మామూలు మెకానిక్కులు: నిజమైన ఫోర్ వీల్ ఎంఎం540. కొండలూ బురదా, దూర ప్రయాణాలు, పట్నంలో ఇల్లు: జిప్సీ కింగ్. నెలకు రెండుసార్లు, చేతులకు గ్రీజు అంటడం ఇష్టం, తొందర లేదు: పెట్రోలు ఇంజిన్‌తో ఉన్న సీజే3బీ.

చూడ్డానికి వెళ్లేటప్పుడు అయస్కాంతం, స్క్రూడ్రైవర్, టార్చి, కింద పరుచుకోవడానికి పాత లుంగీ పట్టుకెళ్లండి. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. వస్తున్నామని చెప్పినా స్టార్ట్ చేయవద్దని ముందే అనండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేశారన్నమాట. పక్కనే టీ కొట్టు చూసుకుని, అది చల్లారేదాకా కూర్చోండి.